అమ్మడికి పాలవేళ

సందెవేళ ఆ ఇంట్లో ఎవరి పని వాళ్లది. దేముడమ్మ గేదె పాలు పితికి చెంబు వంటింట్లో పెడుతుంది. కోడలు కన్యాకుమారి కోళ్లను గంప కింద మూసి, దేవుడి గూట్లో దీపం వెలిగిస్తుంది. మామ సింహాచలం తుండుగుడ్డ భుజాన వేసుకుని రోడ్డు మీది టీ కొట్టుకి బయల్దేరతాడు. కొడుకు ఉపేంద్ర అప్పటికింకా గజపతినగరం సెంటర్లో ఆటో ఆపుకుని, ఊరికి వచ్చే జనం కోసం కేకలేస్తుంటాడు. సరిగ్గా ఆ వేళకి పెరట్లో అమ్మడు ఏడుస్తుంది.

పసిపిల్లల ఏడుపే. కాకపోతే కొంచెం ముక్కులోంచి వస్తుంది. దేముడమ్మ పాలు గోరువెచ్చగా కాచి, ఇత్తడి ఉగ్గుగిన్నెలో పోసుకుని, పెరటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఎవరినో ఒళ్లోకి తీసుకున్నట్టు మోచెయ్యి వంచుతుంది. గిన్నె వంచి, ఆగి, మళ్లీ వంచుతుంది. అరుగు మీద పాలు కారతాయి. ఆ ఇంటి పిల్లి పాలంటే పడి చస్తుంది గానీ ఆ పాలు మాత్రం ముట్టదు. కాసేపటికి ఏడుపు సన్నబడి ఆగిపోతుంది. దేముడమ్మ అరుగు కడిగేసి, వంటకి లేస్తుంది.

ఎప్పుడైనా ఆవిడకి ఆలస్యమైతే దారిన పోయేవాళ్లు ఊరుకోరు. "ఓ దేముడమ్మప్పా! గుంట ఏడస్తన్నాది, ఇనపడనేదేటి?" అని గోడ మీంచి కేకేసి పోతారు. నీ గేదె తాడు తెంపుకుందని చెప్పినంత మామూలుగా చెబుతారు.

అమ్మడు దేముడమ్మకి తొలిచూలు బిడ్డ. గ్రహణం మొర్రితో పుట్టింది. పై పెదవి చీలిపోయి, లోపల అంగిలి కూడా కలవలేదు. పాపం, రొమ్ము పట్టి చప్పరించాలంటే నోట్లో గాలి నిలవాలి కదా. నిలవలేదు. అప్పటికి ఆ ఊరికి కరెంటే రాలేదు, ఇంక డాక్టరెక్కడ! సింహాచలం తల్లి ఉండేది, గట్టి మనిషి. "మనవేటి సంపతన్నామా? పాలు తాగకపోతే మనవేటి సేస్తాం?" అంది. ఆ మాట అందరికీ సుఖంగా అనిపించింది. పాలు గడ్డకట్టి జ్వరం వస్తుందని దేముడమ్మ రొమ్ములకి మల్లెదండలు చుట్టి, పైన గుడ్డతో బిగించి కట్టారు. మల్లెపూలు పాలని ఇంకింపజేస్తాయి. పాలు ఇంకిపోయాయి. పిల్లా పోయింది. పేరన్నా పెట్టలేదు కాబట్టి అమ్మడు అన్నదే పేరైంది.

పాతిపెట్టి వచ్చిన సాయంత్రమే పెరట్లో ఏడుపు వినిపించింది. ఆ రోజు నుంచీ దేముడమ్మ సందెవేళకి ఇల్లు దాటి ఎరగదు. సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లి, తాళి కట్టగానే భోజనం కూడా చెయ్యకుండా తిరిగొచ్చేసింది. సింహాచలం సందెవేళ ఇంట్లో ఉండి ఎరగడు. మల్లెపూలు ఆ గుమ్మంలోకి రావు, పండగైనా పబ్బమైనా కనకాంబరాలే. ఇందులో దాపరికమేమీ లేదు. ఊరందరికీ తెలుసు.

కన్యాకుమారి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, ఆ ఏడుపు విని మంచం కిందకి దూరినంత పనిచేసింది. ఉపేంద్ర నవ్వాడు. "మా అప్పే. సంపెయ్యదులే," అన్నాడు. నెల తిరిగేసరికి అలవాటైపోయింది. మొగుడి అక్క కాబట్టి వదిన కదా. "అత్తా, ఒదినమ్మ లెగిసినాది," అని తనే పాలు పొయ్యి మీద పెట్టేది. పెరటి అరుగు మీదకి మాత్రం వెళ్లేది కాదు. అది అత్త చోటు.

ఆమెకి నెల తప్పిన కొన్నాళ్లకి మాఘ పున్నమి వచ్చింది. ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణం పట్టే ఉదయించాడు. దేముడమ్మ కోడల్ని నడిమింట్లో చాప మీద తిన్నగా పడుకోబెట్టింది. "కదలకు. గోరుతో గోక్కోకు. ఏటీ తుంచకు, ఏటీ ముట్టకు. నాను లెగమనీదాకా లెగకు," అంది. పాల చెంబు మీద దర్భ వేసి మూత పెట్టేశారు. గ్రహణం విడిచేదాకా ఎవరూ ముట్టకూడదు.

అమ్మడికి గ్రహణమేం తెలుస్తుంది? వేళకి ఏడుపు మొదలెట్టింది. పాలు రాలేదు. ఏడుపు పెద్దదైంది, తర్వాత బొంగురుపోయింది, తర్వాత ఆగి ఆగి ఎక్కిళ్లలా వచ్చింది. దేముడమ్మ అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉండిపోయింది. చాప మీద కన్యాకుమారి చెవులు మూసుకుంది, కుదరలేదు. లేచింది. పెరట్లోకి నడిచి వచ్చి అత్త పక్కన కూర్చుని, "ఊరుకో ఒదినమ్మా, ఇదిగో, ఇడిసిపోతాది," అంది చీకట్లోకి.

దేముడమ్మ ఆ క్షణాన కోడల్ని రెక్కపట్టి లోపలికి పంపెయ్యాలి. పంపలేదు. ఇన్నేళ్లలో ఆ అరుగు మీద తన పక్కన ఇంకో మనిషి కూర్చోవడం అదే మొదలు. ఆ తోడు వదులుకోవాలనిపించలేదు ఆవిడకి. ఏం చేస్తాం, మనిషి కదా!

అయిదో నెలలో విజయనగరం తీసుకెళ్లి స్కాన్ తీయించారు. డాక్టర్ పద్మకుమారి తెర మీద చాలాసేపు చూసి, ఉపేంద్రని కూడా లోపలికి పిలిచింది.

"పై పెదవి చీలి ఉంది. అంగిలి కూడా కలవలేదు. మిగతా అంతా శుభ్రంగా ఉంది, గుండె బాగుంది, వెన్ను బాగుంది," అంది. "భయపడొద్దు. కొన్ని నెలలయ్యాక పెదవికి ఆపరేషన్ చేస్తారు, ఏడాది దాటాక అంగిలికి. చక్కగా మాట్లాడతారు ఇలాంటి పిల్లలు. అప్పటిదాకా పాలు పట్టి బరువు పెంచుకోవాలి. కష్టమంతా అక్కడే."

"గ్రహణం నాడు లెగిసానండి," అంది కన్యాకుమారి.

"నువ్వు లేచావో పడుకున్నావో చంద్రుడికి తెలీదమ్మా. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు," అంది డాక్టరమ్మ.

నిజమే చెప్పింది. కానీ ఆ నిజాన్ని ఊళ్లోకి ఎవరు మోసుకెళ్తారు? ఆటో దిగేసరికే సంగతి వాళ్లకన్నా ముందు చేరిపోయింది. "ఇంకేటి, అమ్మడే మళ్లీ వస్తన్నాది," అన్నారు కొళాయి దగ్గర ఆడవాళ్లు. కొందరు మంచిమనసుతోనే అన్నారు. విన్నప్పుడల్లా కన్యాకుమారి పొట్ట మీద చెయ్యి వేసుకునేది. నా బిడ్డ నా బిడ్డ కాదా? పెరట్లో ఏడుస్తున్నదేనా నాలోపల తిరుగుతున్నది? మొగుణ్ణి అడిగితే, "ఊరోళ్లకి పనేటి," అని ఆటో తుడుచుకున్నాడు. అతనికీ భయమే. వారం పాటు దారిలో చెయ్యెత్తిన మనుషులు కూడా కనపడలేదు అతనికి.

దేముడమ్మ మాత్రం ఆ మాట విన్నప్పుడు ఖండించలేదు. నిజమైతే బాగుణ్ణని లోలోపల ఆశపడింది. ఆశపడ్డందుకు సిగ్గుపడింది కూడా.

ఏడో నెలలో కన్యాకుమారి తల్లి లక్ష్మణమ్మ వచ్చింది. వాళ్లది అరసవల్లి పక్కన. తొలి కానుపు పుట్టింట్లోనే జరగాలి, అది ఆనవాయితీ. గాజులు, చలిమిడి, సున్నుండలు, ఒక పెద్ద అరిటాకు పొట్లం నిండా మల్లెపూలు పట్టుకొచ్చింది. ఆవిడకి ఈ ఇంటి సంగతి తెలియక కాదు, కూతురి జడ కుట్టించాలన్న సరదాలో మర్చిపోయింది. పొట్లం విప్పగానే వాసన ఇల్లంతా కమ్మేసింది. పెరట్లో, పట్టపగలు, అమ్మడు ఒక్క కేక పెట్టింది. ఎన్నడూ లేనిది అలా పెట్టడం. దేముడమ్మ రెండు చేతులూ గుండెలకి అదుముకుని బయటికి వెళ్లిపోయింది. సింహాచలం గబగబా వచ్చి పొట్లం తీసుకుపోయి ఊరవతల పారేసి వచ్చాడు.

"ఈ ఇంట్లో నా కూతుర్ని ఇంక ఒక్క పూట ఉంచను," అంది లక్ష్మణమ్మ. కన్యాకుమారిని గదిలోకి లాక్కెళ్లి తలుపేసి, గొంతు తగ్గించింది. "సూడమ్మా. నువ్వు సిన్నదానివి. ఇది తొలి కానుపు, ఆకరిది కాదు. ఆదిత్యుడికి మొక్కుకున్నాను, ఆయన సల్లగా సూస్తే మంచిదే. నేకపోతే… మనవేటి సంపతన్నామా? పాలు తాగకపోతే మనవేటి సేస్తాం?"

కన్యాకుమారి తల్లి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. అత్త చెప్పగా విన్న మాట అది. సింహాచలం తల్లిని లక్ష్మణమ్మ ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఎలా వచ్చిందో, ఏ దారిన వచ్చిందో, పదానికి పదం తన కన్నతల్లి నోట్లో ఉంది. తల్లి చెడ్డది కాదు. కూతురి మీద ప్రేమతోనే అంది. అందుకే కన్యాకుమారికి అంత భయమేసింది.

"అమ్మా, నాను రాను. ఇక్కడే కంటాను," అంది.

లక్ష్మణమ్మ ఏడ్చింది, తిట్టింది, వియ్యపురాలి మీద దుమ్మెత్తి పోసింది. తెచ్చిన సున్నుండలు మాత్రం వదిలి, సాయంత్రం బస్సెక్కింది.

ఆ సందెవేళ కన్యాకుమారి పాల గిన్నె తనే పట్టుకుని పెరటి అరుగు దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఒదినమ్మకి పాలెలా పడతన్నావో నాకు నేర్పు."

దేముడమ్మ ఉలిక్కిపడింది. "ఓలి, నీకు మతుండే అంటన్నావా? కడుపుతో ఉన్నదాని ఒళ్లో సచ్చిపోయిన గుంటనెలా ఎట్టను? ఊరోళ్లు నా మొహాన ఉమ్మెయ్యరా?"

"రేపు నా గుంటకి పాలు పట్టడం రాకపోతే, అందరూ వచ్చి మనవేటి సేస్తాం అంటారు. నానూ అలాగే అంటానేమో అత్తా. అదే నా బయం."

అమ్మడు ఏడుస్తూనే ఉంది. దేముడమ్మ అరుగు మీద కొంచెం పక్కకి జరిగింది.

కన్యాకుమారి కూర్చుని చెయ్యి వంచింది. ముందు చలి తెలిసింది, తడిబట్టల మూట ఒళ్లో పెట్టుకున్నట్టు. తర్వాత చిన్న తల ఒకటి మోచేతి మీద ఆనింది. కంటికేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే లేచిపోబోయింది. ఇంతలో ఆ తల రొమ్ము వైపు తిరిగి వెతుక్కోవడం మొదలెట్టింది. ఆకలి అంటే ఆకలే కదా, బతికున్నదాని ఆకలైనా, చచ్చినదాని ఆకలైనా. ఆమె లేవలేకపోయింది.

"పడుకోబెట్టి పట్టకు. నిలువుగా ఎత్తి పట్టుకో, నేకపోతే ముక్కులోకి ఎక్కిపోతాది," అంది దేముడమ్మ. "గిన్నె మూతి మద్దిలో ఎట్టకు. బుగ్గ పక్కకి ఎట్టు. ఒక్క సుక్క. ఆగు. గుటక ఇనపడ్డాకే రెండో సుక్క."

"ఇనపడనేదత్తా."

"తొందర పడకు. ఇను."

చాలాసేపటికి వినిపించింది. ఎండిన నేల మీద చినుకు పడ్డంత చిన్న చప్పుడు. కన్యాకుమారికి కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

"ఇదంతా నీకెవురు నేర్పినారత్తా?"

"ఎవురు నేర్పుతారే? ఇదే నేర్పినాది. బతికున్నప్పుడు నేర్సుకోనేదు. సచ్చిపోయాక నేర్సుకున్నాను," అంది దేముడమ్మ. "ఏం లాభం! సగం పాలు కారిపోతాయి. ఇన్నేళ్లలో దీని కడుపు నిండగా నాను సూడనేదు."

అలా రోజూ సాగింది. కన్యాకుమారి చెయ్యి కుదురుకుంది. ముక్కులోంచి పాలొస్తే ఎలా తుడవాలో, మధ్యమధ్య భుజాన వేసుకుని వీపు ఎలా రాయాలో, ఆకలేడుపుకీ అలిసిపోయిన ఏడుపుకీ తేడా ఏమిటో అన్నీ తెలిశాయి. అయితే ఒళ్లో ఆ చలి మాత్రం రానురానూ వదలకుండా పట్టుకుంది. మధ్యాహ్నం ఎండలో కూర్చున్నా తొడల మీద మంచు పెట్టినట్టుండేది. పాలు పడుతున్నప్పుడు చల్లటి అరచెయ్యి ఒకటి పొట్ట మీద ఆనేది. లోపలి బిడ్డ అటే తన్నేది. ఆడుకుంటున్నారా, కొట్టుకుంటున్నారా, పిలుచుకుంటున్నారా? ఎవరికి తెలుసు!

శ్రావణంలో ఒకరోజు పొద్దున్న లేచేసరికి కడుపులో కదలిక లేదు. మధ్యాహ్నానికీ లేదు. ఉపేంద్ర పెళ్లాన్నీ తల్లినీ ఎక్కించుకుని ఆటోని విజయనగరం పరుగెత్తించాడు. డాక్టరమ్మ పొట్ట మీద మిషను పెట్టి గుండె చప్పుడు వినిపించేదాకా ముగ్గురికీ ఊపిరి లేదు. బిడ్డ క్షేమంగానే ఉంది. ఇంటికి రాగానే దేముడమ్మ, "ఇంకొద్దు. ఆ అరుగు ఛాయలకి రాకు," అని తేల్చి చెప్పింది. పెరట్లోకి తిరిగి, "దాని జోలికెల్లకే తల్లీ. నీకు నానున్నాను కదే," అని బతిమాలింది. జన్మలో మొదటిసారి కూతుర్ని చూసి భయపడింది ఆవిడ.

కన్యాకుమారి ఆ సాయంత్రమూ వచ్చి కూర్చుంది. పొట్ట మీద కొంగు కప్పుకుని చెయ్యి వంచింది.

భాద్రపదంలో, ముసురు పట్టిన రోజున, విజయనగరం ఆస్పత్రిలో కాన్పయింది. మగపిల్లాడు. పెదవి డాక్టరమ్మ చెప్పినట్టే ఉంది. దేముడమ్మ వాణ్ణి చేతుల్లోకి తీసుకుని మొహం, చెవులు, కాలివేళ్లు అన్నీ వెతికింది. ఆ పెదవి తప్ప అమ్మడి పోలిక ఎక్కడా లేదు. వీడు వేరు. కొత్తవాడు. ఇంకెవరికో బదులు వచ్చినవాడు కాదు. ఆవిడ మొహం ఒక్క క్షణం వాడిపోయింది, వెంటనే సర్దుకుని మనవడి నుదురు ముద్దుపెట్టుకుంది.

ఇంత నేర్చుకుందా, తీరా చూస్తే చేతికి వచ్చిన విద్య పనిచెయ్యలేదు. చచ్చిపోయిన పిల్లకి పొలమారితే ఏమీ కాదు. బతికున్నవాడికి పొలమారితే మొహం నీలంగా అయిపోతోంది. మొదటి చుక్కలకే అలా జరిగింది. కన్యాకుమారి బెదిరిపోయింది. ఆ తర్వాత స్టీలు ఉగ్గుగిన్నె చేతిలోకి తీసుకుంటే చాలు, వేళ్లు వణికి పాలు వాడి మెడ మీద పడేవి. వాడు కూడా భయపడ్డాడో ఏమో, గిన్నె తగలగానే నోరు బిగించేవాడు. నర్సు తాయారు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసింది. ఆ పాలూ కక్కేశాడు. ఏడుపు రోజురోజుకీ సన్నబడింది. ఆ ఏడుపు ఎలా సన్నబడుతుందో ఆ ఇంటివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఈ సాయంత్రం నోటితో మరొక్కసారి చూద్దాం. తాగకపోతే విశాఖ పంపించేస్తాను," అంది డాక్టరమ్మ. "బరువు బాగా తగ్గిపోతున్నాడు. దారిలో తట్టుకోవాలి మరి."

అరసవల్లి నుంచి లక్ష్మణమ్మ కూడా వచ్చి ఉంది. కూతురి రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉండటం చూసి తట్టుకోలేక, "గేటుకాడ పూలమ్ముతున్నారు. పట్టుకొచ్చి కట్టమంటావేటమ్మా? నొప్పయినా తగ్గుతాది," అంది.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే, నిన్ను బస్సెక్కించేస్తానమ్మా," అంది కన్యాకుమారి. లక్ష్మణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటింది. దేముడమ్మ చెంబూ గుడ్డలూ సర్దుకోవడం మొదలెట్టింది. ఉపేంద్ర ఆటోలో రోజూ పొద్దున్న వచ్చి, సందెవేళకి ఇల్లు చేరిపోతోంది ఆవిడ.

"అత్తా, ఈయాళ ఎల్లకు. నాను ఒక్కదాన్నీ పట్టనేను," అంది కన్యాకుమారి.

"అది ఏడుస్తాదే."

"ఈడూ ఏడస్తన్నాడత్తా."

దేముడమ్మ మనవడి వైపు చూసింది. కిటికీలోంచి పొద్దు వైపు చూసింది. ఒకసారి వదిలేసిన పిల్లని రెండోసారి ఎలా వదలడం? ఆ ఒక్క ఆలోచన ముందు ఆవిడకి ఇంకేదీ ఆనలేదు. చీర కొంగు దులుపుకుని లేచింది. "పొద్దున్నే వచ్చేస్తాను," అని తల దించుకుని వెళ్లిపోయింది. కన్యాకుమారి మనసు విరిగిపోయింది. అత్త మీద కోపం కూడా వచ్చింది. ఎందుకు రాదు!

ఊళ్లో తల్లిని దింపి ఉపేంద్ర ఆటో గుమ్మం ముందే ఆపుకున్నాడు. దేముడమ్మ పాలు కాచింది. ఇత్తడి గిన్నెతో అరుగు మీద కూర్చుంది. దీపాలు పెట్టే వేళైంది. ఆవిడ చెయ్యి వంచుకుని ఎదురుచూసింది.

అమ్మడు ఏడవలేదు.

గంపకింద కోడి ఒకటి మెసిలింది. అంతే. పాలు చల్లారాయి. పక్కింట్లో బియ్యం చెరుగుతున్న చేట ఆగిపోయింది. ఎదురింటామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక్కొక్కరే వీధిలోకి వచ్చారు. అందరూ చెవులు అటే పెట్టి, మాటలు లేకుండా ఆ ఇంటి వైపు చూస్తున్నారు. ఇన్నేళ్లుగా వినీ వినీ విననట్టే ఉండే ఏడుపు, అది లేకపోయేసరికి ఊరు ఊరంతా గుండెలు చిక్కబట్టుకుంది. టీ కొట్టులో సింహాచలం గ్లాసు కింద పెట్టేసి, ఇంటికేసి పరుగులాంటి నడక నడిచాడు. పెరట్లో పెళ్లాన్ని చూశాడు.

"ఏదే?" అన్నాడు. ఆ పిల్ల గురించి ఆయన నోరు విప్పి అడిగిన మొదటి మాట అది.

"నేదు," అంది దేముడమ్మ. "ఎల్లిపోయినాది." ఆవిడకి ఒక్కసారి అర్థమైంది. ఎక్కడికి వెళ్లిందో, ఎవరి కోసం వెళ్లిందో. కోడలు చెప్పిన మాట, పొట్ట మీద ఆనిన ఆ చల్లటి అరచెయ్యి గుర్తొచ్చింది. "ఓలమ్మోలమ్మో! గుంటణ్ణి తీసుకుపోడానికి ఎల్లిపోయిందిరా ఉపేంద్రా! ఆటో తియ్యరా!"

ఆ దారి పొడవునా దేముడమ్మ కూతుర్ని తిట్టింది. ఇన్నేళ్లలో ఒక్క మాట అనని మనిషి, నోటికి ఎంత వస్తే అంత తిట్టింది. తిట్టి, మళ్లీ బతిమాలింది. "వద్దే తల్లీ. నన్ను తీసుకుపో. ఆడు పసోడే, ఆణ్ణి ఒగ్గేయే." ముసురులో ఆటో ముందు అద్దం తుడుచుకుంటూ ఉపేంద్ర ఏడుస్తూనే నడిపాడు. సింహాచలం వెనక సీట్లో రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు, ఎవరికి దణ్ణం పెడుతున్నాడో ఆయనకే తెలీదు.

ఆస్పత్రి వార్డు నిశ్శబ్దంగా ఉంది. పిల్లాడి ఏడుపు వినపడటం లేదు. వరండాలో లక్ష్మణమ్మ గోడకి చేరబడి కూర్చుని ఉంది, పలకరిస్తే కళ్లు తుడుచుకుని లోపలికి చూడమని చెయ్యి చూపించింది. దేముడమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

కన్యాకుమారి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచేతి మీద పిల్లాడు, నిలువుగా, కళ్లు మూసుకుని. ఎడమచెయ్యి కూడా అలాగే వంచి ఉంది. ఆ చేతిలో కంటికేమీ లేదు.

"ఉన్నాడా?" అంది దేముడమ్మ.

"మెల్లగా మాటాడత్తా. ఇప్పుడే తొంగున్నాడు. ఒదినమ్మ ఇక్కడే ఉన్నాది." కన్యాకుమారి అలిసిపోయి నవ్వింది. "సందేళకి గిన్నె తీస్తే ఈడు నోరు బిగించేసినాడు. నా సెయ్యి ఒకటే ఒణుకు. ఇంతలో ఒళ్లోకి సలి వచ్చినాది. నాను బయపడిపోయాను అత్తా, తీసుకుపోడానికే వచ్చిందనుకున్నాను. సూస్తే రొమ్ముకాడ ఎతుక్కుంటన్నాది, ఎప్పట్లాగే. ఆకలి కదా మరి. ఈడి పాలే ముందు దానికి ఒక సుక్క పట్టాను. గుటకేసినాది. ఈడు ఇన్నాడు. ఇంకో సుక్క పట్టాను, మళ్లీ గుటకేసినాది. ఆ తర్వాత గుటక ఈడిది."

తాయారు దుప్పటి సర్దుతూ అందుకుంది. "గిన్నె ఖాళీ అయితే మళ్లీ పాలు పిండి పట్టింది. ఒక్క చుక్క కక్కలేదు బాబు. ఇంత చక్కగా పట్టడం ఎవరు నేర్పారమ్మా అంటే, మా ఆడపడుచు అంటోంది. డాక్టరుగారు చూసి వెళ్లారు, విశాఖ అక్కర్లేదన్నారు."

ఉపేంద్ర మంచం పక్కన కూలబడి పిల్లాడి పాదం పట్టుకున్నాడు. దేముడమ్మ దగ్గరికి వచ్చింది. అలవాటు చొప్పున కన్యాకుమారి ఎడమవైపు చీర తడిమి చూసింది. పొడిగా ఉంది. కారిన పాలే లేవు.

"తాగినాదేటే?"

"కడుపు నిండా. నా పాలే. గేదె పాలు కాదు కదత్తా, అమ్మ పాలు. అది ఎప్పుడు తాగినాది గనక!"

దేముడమ్మ రెండు చేతులూ చాచింది. కన్యాకుమారి ఎడమచెయ్యి మెల్లగా ఎత్తి, ఆ చేతుల మీదకి దించింది. దించగానే దేముడమ్మ మోచేతులు కిందకి ఒంగిపోయాయి. పుట్టినప్పటినుంచీ రోజూ మోస్తున్న పిల్ల ఆవిడకి కొత్తేమీ కాదు. అయినా పట్టు చాలక గబుక్కున గుండెకి అదుముకుంది.

"ఓలమ్మా," అంది మొగుడి వైపు తిరిగి. "బరువెక్కినాదయ్యా మన గుంట."